మూడు రోజుల పరగడుపు

పోయిన నెలలో మా పక్క క్లినిక్కుకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, కళ్ళు పచ్చబడ్డ ఒక డిగ్రీ పిల్లను వెంటబెట్టుకుని స్వయంగా నా ల్యాబుకి వచ్చింది. నేను సూది తీస్తూ అలవాటు కొద్దీ "పరగడుపేనా అమ్మా?" అని అడిగాను. విడవలూరు సెంటర్లో బస్టాపు ఎదురుగా కూర్చుని ముప్పై ఏళ్ళుగా అడుగుతున్న మాట అది. ఆ పిల్ల అవునని తల ఊపింది. నాకు అంతటితో సరిపోయింది. డాక్టరమ్మకు సరిపోలేదు.

"ఎప్పటి నుంచి పరగడుపు?" అంది.

"శనివారం నించి మేడం. పరీక్షలని మొక్కుకున్నా. నీళ్ళు తాగతా ఉండా, అంతే."

డాక్టరమ్మ నా వైపు తిరిగి, "ఇవాళ ఒకసారి తీయండి. ఈ అమ్మాయి రెండు రోజులు కడుపునిండా తిన్నాక ఇంకోసారి తీయండి" అంది. అట్లాగే తీశాను. రెండోసారి రక్తంలో పచ్చదనం చూపించే అంకె సగానికి సగం పడిపోయింది. మిషను పాడైందేమోనని మళ్ళీ పెట్టాను. అదే అంకె. డాక్టరమ్మకు చూపిస్తే ఆమె ఆశ్చర్యపడలేదు. "కొందరికి పుట్టుకతోనే ఉంటుందండీ ఇది. జబ్బు కాదు. లివరు శుభ్రంగా ఉంటుంది. తిండి మానేస్తే పచ్చదనం పెరుగుతుంది, తింటే తగ్గిపోతుంది. తెలియనివాళ్ళు కామెర్లనుకుని కంగారుపడతారు" అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ తెలియనివాళ్ళలో నేనొకణ్ణి. సెంటర్లో సగం మంది నన్నే డాక్టరని పిలుస్తారు, నేనూ కాదనను. ఆ సాయంత్రం షట్టరు సగం దించేసి స్టూలు మీద కూర్చున్నాను. కెప్టెను పోయి అప్పటికి పదకొండు నెలలు.

అతని పేరు ఇక్కడ రాయను. నా రిజిస్టర్లో కూడా ఏనాడూ రాయలేదు. అతను విమానం నడిపేవాడు. పెద్దది కాదు, ఎనిమిది మంది ఎక్కేది. పెద్దవాళ్ళు అద్దెకు తీసుకుని పెళ్ళిళ్ళకూ ఎన్నికలకూ తిరిగేది. అట్లాంటి ఉద్యోగంలో ఏడాదికోసారి చెన్నైలో మెడికల్‌కి నిలబడాలి. కన్ను, చెవి, గుండె, రక్తం, అన్నీ చూసి డాక్టరు కాగితం మీద సంతకం పెడితేనే విమానం ఎక్కనిస్తారు. నలభై దాటాక అది ఏడాదికి రెండుసార్లయింది. మెడికల్ ఇంకో పది రోజులుందనగా అతను సెలవు పెట్టి, ఇక్కడికి నాలుగు మైళ్ళ దూరంలో సముద్రం ఒడ్డున ఉన్న అక్క ఇంటికి వచ్చి దిగేవాడు. అసలు మెడికల్‌కి ముందు నా దగ్గర దొంగ మెడికల్ ఒకటి చేయించుకునేవాడు. చెన్నైలో చేయించుకుంటే ఎవరో ఒకరు చూసి కంపెనీకి ఉప్పందిస్తారని భయం. ఇక్కడ కూడా సొంత పేరు చెప్పేవాడు కాదు. ఒకసారి తన ఆరో తరగతి లెక్కల మాస్టారి పేరు, ఒకసారి మేనమామ పేరు, ఒకసారి మా ఎదురుగా టీ కొట్టు ఓనరు పేరు. "నా పేరే దొరికిందా ఈ పెద్దమనిషికి" అని టీ కొట్టతను నెల రోజులు సణిగాడు.

"ఇంత దొంగతనం ఎందుకు కెప్టెన్ గారూ? మీ రక్తంలో బంగారం ఉందా?" అని ఏడిపించేవాణ్ణి.

"మేం విమానాన్ని నమ్మం అన్నా, కాగితాన్ని నమ్మతాం. విమానం ఆగిపోతే దించుకోవచ్చు. కాగితం ఆగిపోతే ఏం చేస్తావు?" అనేవాడు.

మనిషి పొట్టి. చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగకుండా ఉండేది. నా ల్యాబు మెట్టు మీద నిలబడి, అరచేత్తో ఒక కన్ను మూసుకుని, దూరంగా మలుపు తిరుగుతున్న బస్సు బోర్డు చదివేవాడు. "నెల్లూరు టూ రామతీర్థం" అని గట్టిగా చదివి, బస్సు దగ్గరకొచ్చేదాకా ఆగి, సరిపోయిందో లేదో చూసుకుని, రెండో కన్ను మూసేవాడు. ఈ దోవన వచ్చే బస్సులు రెండే రకాలు, ఇంకో ఊరి బోర్డు రావడానికి వీల్లేదు, చదవకుండానే చెప్పేయొచ్చు. ఆ మాట నేను అంటే నొచ్చుకునేవాడు. అప్పటి నుంచి బోర్డు వదిలేసి నంబరు ప్లేట్లు చదవడం మొదలుపెట్టాడు.

అక్క స్కూటరు స్టార్టు చేయాలన్నా అతనికొక తతంగం. ఒక్కొక్కదాన్నీ వేలితో ముట్టుకుని పైకి చెప్పేవాడు. స్టాండు తీశా. పెట్రోలు ఉంది. బ్రేకు, ముందుది, వెనకది. అద్దం ఇది, అద్దం అది. అంతా అయ్యాక కిక్కు కొట్టేవాడు. వెనక సీటు మీద అక్క చేతిసంచీ పట్టుకుని, ఇంకా ఎంతసేపన్నట్టు నా వైపు చూసేది. ఆమె అంగన్వాడీలో టీచరు, ఊరందరికీ టీచరమ్మ. పెళ్ళి చేసుకోలేదు. తల్లి చనిపోయినప్పుడు కెప్టెనుకి ఆరేళ్ళట, ఆమెకు పదహారు. అప్పటి నుంచీ తల్లీ తండ్రీ ఆమే.

దక్షిణాన శ్రీహరికోటలో రాకెట్టు లేచిన రోజు సెంటర్లో మేమంతా పనులాపి మెడలు పైకెత్తి నిలబడతాం. ఎన్ని చూసినా అదే సంబరం. ఒకసారి కెప్టెను ఇక్కడే ఉన్నాడు. రాకెట్టు కనబడకుండా పోయాక కూడా అతను ఆకాశం వైపే చూస్తున్నాడు. ఏముంది అక్కడ ఇంకా అంటే, పొగ ఎటు వంగుతోందో చూస్తున్నానన్నాడు. "పైన గాలి పడమటికి ఉంది అన్నా. కింద మనకేమో తూర్పుకి" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో ఉన్న ఇష్టం నేను ఇంకెవరి మొహంలోనూ ఏ పని మీదా చూడలేదు. నా పని మీద నాకు లేదు.

సూది గుచ్చేటప్పుడు అందరూ మొహం తిప్పుకుంటారు. అతను సూదినే చూసేవాడు. నేను అడిగేవాణ్ణి, "పరగడుపేనా?"

"మూడు రోజుల నించి పరగడుపే అన్నా."

నేను నవ్వేవాణ్ణి. అతనూ నవ్వేవాడు. ప్రతిసారీ ఇదే మాట, ఇదే నవ్వు. ఎనిమిదేళ్ళ పాటు నేను దాన్ని జోకనుకున్నాను.

అది జోకు కాదు. వాళ్ళది తరాల నాటి క్రైస్తవ కుటుంబం. కెప్టెను పదో తరగతి పరీక్షలప్పుడు టీచరమ్మ ఒక రోజు ఉపవాస ప్రార్థన పెట్టుకుందట. నువ్వెందుకక్కా ఒక్కదానివే, నేనూ ఉంటానని తమ్ముడు పక్కన కూర్చున్నాడు. పాసయ్యాడు. ఆ తర్వాత ఇంటరుకీ, విమానం స్కూలు ఎంట్రన్సుకీ, మొదటి మెడికల్‌కీ, దేనికైనా అక్కాతమ్ముడూ ఇద్దరూ ఒక రోజు తిండి మానేసి మోకాళ్ళ మీద కూర్చున్నారు. అన్నీ నెగ్గాడు. నలభై దగ్గర పడి మెడికల్ అంటే గుబులు పెరిగిన కొద్దీ, ఒక రోజు మూడు రోజులయింది, నా దొంగ మెడికల్‌కి ఒకసారి, చెన్నై అసలు మెడికల్‌కి ఇంకోసారి. ఈ సంగతి నాకు అతను పోయిన నాడు వాళ్ళింటి ముందు కూర్చున్న ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే తెలిసింది. విన్నాను కూడా. విని, ఆ అక్కాతమ్ముళ్ళది ఎంత ప్రేమ అనుకున్నాను తప్ప, నా చేత్తో తీసిన రక్తానికీ దానికీ ముడి వేసుకోలేదు.

నాలుగేళ్ళ కిందట చెన్నైలో పాత డాక్టరు రిటైరై కొత్తాయన వచ్చాడు. ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోని కనురెప్ప ఆయన కిందికి లాగి చూశాడు. పచ్చగా ఉంది. రక్తంలోనూ ఉండాల్సిన దానికి మూడింతలుంది. నా దగ్గర అప్పటిదాకా షుగరూ కొవ్వూ చూడమనేవాడు తప్ప, పచ్చదనం ఎన్నడూ చూడలేదు. తాగుతారా అని అడిగాడు. లేదంటే, లేదని అందరూ అంటారన్నాడట. మూడు నెలలు విమానం ఎక్కకూడదని రాసి, మళ్ళీ రమ్మన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ఆయన కూడా నాలాగే పరగడుపేనా అని అడిగి ఉంటాడు.

ఆ మూడు నెలలూ కెప్టెను ఇక్కడే ఉన్నాడు. ఎక్కడ అద్దం కనబడితే అక్కడ బొటనవేలితో కింది రెప్ప లాగి చూసుకోవడం అప్పుడే మొదలైంది. స్కూటరు అద్దంలో, బస్సు కిటికీలో, నా ల్యాబులో రక్తం తిప్పే మిషను స్టీలు మూత మీద. "తెల్లగా ఉండాయా అన్నా?" అని నన్ను అడిగేవాడు. టీ కొట్టతన్ని అడిగేవాడు. బస్సు కండక్టరు మెట్టు మీద ఉండగా "ఒక్క నిమిషం అన్నా, నా కళ్ళు తెల్లగా ఉండాయా?" అని అడిగితే, అతను కంగారుపడి "ఉండాయి సార్" అని విజిలు వేశాడు. మేమంతా నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పచ్చదనం చూసే రక్తానికి వెలుతురు తగలకూడదు. తగిలితే అంకె తగ్గిపోతుంది. అందుకని ట్యూబుకి నల్ల కాగితం చుట్టి పెడతాను. అదెందుకని అడిగాడు. చెప్పాను.

"అయితే ఎండలో పెట్టు అన్నా, పాసైపోతా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ ఇంటి వైపు పనుండి వెళ్ళాను. ఇసుకలో, చొక్కా విప్పేసి, సూర్యుడికి ఎదురుగా చేతులు చాపి నిలబడి ఉన్నాడు. కామెర్లొచ్చిన పసిబిడ్డలను పొద్దుటెండలో పడుకోబెడతారే, అట్లాగన్నమాట. వలలు ఆరేస్తున్నవాళ్ళు చూసి మొహాలు తిప్పుకున్నారు. నలభై రెండేళ్ళ మనిషి. నన్ను చూసి చేతులు దించలేదు. "రోజుకి గంట" అని మాత్రం అన్నాడు.

ఎవరో చెబితే పసరు మందు మింగించారు. దానికి పథ్యం, ఉప్పులేని మజ్జిగన్నం, అదీ ఒక్క పూట. టీచరమ్మ ఈసారి మూడు రోజులు కాదని ఏడు రోజుల ఉపవాసం పెట్టింది. చర్చి ఆడవాళ్ళు ఇంకో పదిమంది కలిశారు. ఎంత భయపడితే అంత మానేశారు, ఎంత మానేస్తే అంత పెరిగింది. ఏడో రోజు పొద్దున అతను నా దగ్గరికొచ్చాడు. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. రక్తం తిప్పి చూస్తే, పైన తేలే నీరు పసుపు కలిపినట్టుంది. అంకె పోయినసారికంటే ఎక్కువ.

"పరగడుపేనా?" అని ఆ రోజు కూడా అడిగాను. ఏడు రోజుల నించి, అన్నాడు. ఆ రోజు ఇద్దరం నవ్వలేదు. అయినా నాకు తట్టలేదు.

పైగా నేనేం చేశానో చెప్పాలి. రిపోర్టు చేతికిచ్చి, ల్యాబులో ఎవరూ లేకుండా చూసి, పెద్దమనిషి తరహాలో గొంతు తగ్గించి, "కెప్టెన్, ఇప్పటికైనా మానెయ్" అన్నాను. నేనూ అందరిలాగే నమ్మాను. లివరు మీద వచ్చిందంటే మాకు తెలిసింది ఒకటే కారణం.

అతనికి కోపం రాలేదు. రిపోర్టు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "తాగేవాణ్ణయితే బాగుండేది అన్నా. మానేసేదానికి ఏదో ఒకటి ఉండేది" అన్నాడు.

తర్వాత అతనే ఒక సంగతి చెప్పాడు. పైలట్లను విమానం ఎక్కేముందు గొట్టంలో ఊదిస్తారట. దగ్గు మందులో ఉండే పాటి చుక్క ఉన్నా పట్టేస్తుందట. అందుకని అతను దగ్గు మందు తాగడు, సెంటు పూసుకోడు, నోరు పుక్కిలించే మందు వాడడు. వాళ్ళ చర్చిలో నెలకోసారి అందరికీ రొట్టె ముక్కా, చిన్న గ్లాసులో ద్రాక్షరసమూ ఇస్తారు. ఆ రసం వాళ్ళే ఎండు ద్రాక్ష నానబెట్టి చేస్తారు. నాలుగు రోజులు నిలవుంటే పులుస్తుంది. పులిస్తే భయం. అందుకని ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆ గ్లాసు తన ముందుకొస్తే తల అడ్డంగా ఊపి పక్కకి పంపించేవాడు.

"అట్టా వద్దన్నవాణ్ణి మా వాళ్ళు ఏమనుకుంటారో తెలుసా అన్నా? మనసులో పాపం ఉండేవాడే దాన్ని ముట్టుకోడు. పచ్చ కళ్ళు, గ్లాసు ముట్టుకోడు. ఇంకేం కావాలి?"

"మరి మీ అక్కకి చెప్పొచ్చుగా?"

"అక్క అడగలేదన్నా. అడక్కుండానే తాగలేదని చెప్తే తాగినోడు చెప్పినట్టే ఉంటది" అన్నాడు. ఆమె ఎందుకు అడగలేదో అతనికి తెలుసు. అవునంటాడేమోనని ఆమెకు భయం.

ఆ వారం చెన్నైలో రెండోసారి కూడా పాసు కాలేదు. డాక్టరు ఇంకొక దారి చూపించాడు. పెద్ద ఆసుపత్రిలో లివరు డాక్టరుకి చూపించుకుని, ఆయన రాసిచ్చిన కాగితంతో మెడికల్ బోర్డు ముందుకు రమ్మన్నాడు. వెళ్ళుంటే ఆ లివరు డాక్టరు నాలుగు మాటల్లో తేల్చేసేవాడని ఇప్పుడు తెలుసు. కెప్టెను వెళ్ళలేదు. ఎన్నిసార్లు చెప్పినా వెళ్ళలేదు. "ఉన్నది ఉన్నట్టు రాసేస్తే ఇంక ఆశ కూడా ఉండదన్నా" అన్నాడు. కంపెనీ ఆరు నెలలు చూసి వేరే మనిషిని పెట్టుకుంది.

అతను రొయ్యల గుంటల మీద సూపర్వైజరుగా చేరాడు. మా వైపు వరి పండే చోట వరి, ఉప్పు నీళ్ళు తగిలే చోట రొయ్యలు. నీళ్ళలో గాలి ఆడడానికి కరెంటు చక్రాలు తిరుగుతుంటాయి. ఒకసారి గుంట నీళ్ళ శాంపిల్ కోసం వెళ్ళి కట్ట మీద అతన్ని చూశాను. చక్రాల పక్కన నడుస్తూ ఒక్కొక్కదానికీ వేలు చూపించి పైకి చెప్పుకుంటున్నాడు. ఒకటి తిరుగుతోంది. రెండు తిరుగుతోంది. మూడు శబ్దం తేడా. అక్క స్కూటరు దగ్గర ఎట్లా చెప్పేవాడో అట్లాగే. పైన పెద్ద విమానం ఒకటి గీత గీసుకుంటూ పోతోంది. అతను తల ఎత్తలేదు. నేను ఎత్తాను.

తర్వాత కట్ట మీద కూర్చుని క్యారియర్ విప్పాడు. అన్నం, చేపల పులుసు, ఇంకో గిన్నెలో మళ్ళీ అన్నం. ఆబగా తిన్నాడు. ఇప్పుడతనికి ఏ పరీక్షా లేదు కనుక ఇంట్లో ఉపవాసాలు లేవు. తినేటప్పుడు మొహం పైకెత్తితే చూశాను, కళ్ళు పాల లాగా ఉన్నాయి. ఆ రోజు అతను చెప్పిందంతా విన్నా లోపల నమ్మినవాణ్ణి కాను, మనిషి తాగుడు మానేశాడు, మంచిదే, అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. నా నోరు ఊరుకోదు.

"కళ్ళు తెల్లబడ్డాయే కెప్టెన్!"

"ఇప్పుడెందుకన్నా తెలుపు" అని క్యారియర్ కడిగేసుకున్నాడు.

ఆ రోజు నేను ఒక్కసారి ఆలోచించి ఉంటే, తింటున్న మనిషి కళ్ళు తెల్లగా ఉన్నాయేమిటని ఒక్క నిమిషం నిలబడి ఉంటే, అతన్ని బండెక్కించుకుని వచ్చి రక్తం తీసి ఉంటే సరిపోయేది. ఇంకా వయసుంది. విమానాలున్నాయి. శాంపిల్ సీసా మూత బిగించుకుని, వానొచ్చేట్టుందని తొందరపడి వచ్చేశాను.

అతను పోయింది ఆ గుంటలోనే. పొద్దున ఏడింటికి చక్రం ఒకటి ఆగిపోతే విప్పి చూద్దామని నీళ్ళలోకి దిగాడు. కరెంటు వైరు ఎక్కడో తెగి ఉంది. ఈ పక్క గుంటల్లో ఏటా ఎవరో ఒకరు అట్లా పోతూనే ఉంటారు. వాళ్ళను అయ్యో అంటారు. ఇతన్ని మాత్రం, తాగి దిగుంటాడు అన్నారు. ప్రతిదీ వేలు పెట్టి చూసుకునే మనిషి, చూసుకోకుండా ఎందుకు దిగాడో నాకూ తెలియదు. తెలుసుకోవడానికి ధైర్యమూ లేదు.

డాక్టరమ్మ చెప్పింది విన్న నాలుగో రోజు, ఆదివారం, టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. కెప్టెను పేరున చేసే ఏడాది ప్రార్థన కూడిక దగ్గర పడుతోంది, ఆమెకు ఇప్పుడైనా చెప్పాలి. దారి పొడుగునా అనుకున్నాను, అన్నీ చెప్పేస్తానని. వరండాలో కెప్టెను ఫోటో ఉంది, తెల్ల చొక్కా, భుజాల మీద పట్టీలు. మధ్యాహ్నం పన్నెండు. నన్ను చూడగానే ఆమె కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చి, వద్దంటున్నా వినకుండా కంచం పెట్టింది. అన్నం, వంకాయలో ఎండు రొయ్యలు.

"మీరు కూర్చోరా టీచరమ్మా?"

"నేను ఉపవాసంలో ఉండానన్నా. ఆదివారం ఆదివారం ఉంటా ఉండా."

"తమ్ముడి కోసమా?"

"పోయినోళ్ళ కోసం చేయగూడదని మా పాస్టరు గారు చెప్తారు. వాడి కోసం కాదు, నా కోసం. వాడు తాగతా ఉంటే ఎదురుగా నిలబెట్టి గట్టిగా ఒక్క మాట అడగలేకపోయినా గదా. ఆ గ్లాసు పక్కకి తోసినప్పుడల్లా నా గుండె జారిపోయేది. దేవుడితోనే చెప్పుకున్నా. వాడితో చెప్పలా."

"తాగలేదమ్మా" అన్నాను. గొట్టంలో ఊదడం, పులిసిన రసం, దగ్గు మందు, అతను నాతో చెప్పిందంతా చెప్పాను. ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్క చుక్క కూడానా?"

"ఒక్క చుక్క కూడా."

చాలాసేపు ఏడ్చింది. అది దుఃఖమో, ఏడాదిగా మోస్తున్నది దించుకోవడమో నాకు తెలియలేదు. ఫోటో దగ్గరికి పోయి, దాని మీద దుమ్మేమీ లేకపోయినా కొంగుతో తుడిచింది. తిరిగొచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది.

"మరి ఆ కళ్ళేందన్నా? అంత పచ్చగా ఎందుకుండాయి?"

"పుట్టుకతో వచ్చింది. జబ్బు కాదు. కొందరి రక్తమే అట్లా ఉంటుంది."

"పుట్టుకతో వచ్చినదైతే ఎప్పుడూ ఉండాల గదా. మెడికల్ అప్పుడే ఎందుకు ఎక్కువయ్యేది?"

చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే మనిషి. నాకు ముప్పై ఏళ్ళలో తట్టని ప్రశ్న ఆమెకు అరనిమిషంలో తట్టింది. నేను ఆమె మొహం చూశాను. దవడ ఎముకలు బయటపడి ఉన్నాయి. ఆ ఇంట్లో ఆమెకు మిగిలింది ఆ ఫోటో, ఆ మోకాళ్ళ మీద కూర్చునే చాప. తమ్ముణ్ణి కిందికి దించింది ఈ చాపేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇది మంచితనమని చెప్పుకోను. పిరికితనమే అయుండొచ్చు.

"నేను అడగాల్సిన మాట ఒకటి అడగలేదు టీచరమ్మా. అడిగుంటే అప్పుడే తెలిసిపోయేది. మెడికల్ పాసయ్యేవాడు. గుంటల మీదికి పోయేవాడే కాదు. తప్పు నాది."

"ఏం మాట అన్నా?"

"మా పనిలో మాట. చెప్పినా మీకు తెలియదు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసి, కూర వేసింది.

"నువ్వు దిగులు పడబాక అన్నా. కావాలని చేసినావా ఏంది? నీ మనసు కుదుటపడాలని నేను రేపట్నించి మూడు రోజులు ఉపవాసం ఉంటా."

"వద్దు టీచరమ్మా" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. "మీరు అన్నం తినండి. నా కోసం ఏమీ వద్దు. మీరు తినండి."

ఆమె నవ్వింది. ఏడాదిలో ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

"వాడూ మొదట అట్నే వద్దనేవాడన్నా. అని, వచ్చి నా పక్కనే కూర్చునేవాడు."

ఆమె చూస్తుండగా కంచంలో ఉన్నదంతా తిన్నాను.